ఉద్దానపు దారులు – విద్యుద్వాహనాలు

శ్రీకాకుళం జిల్లా ఈశాన్యపు కొసన, పడమట మహేంద్రగిరికీ తూర్పున బంగాళాఖాతానికీ నడుమ సన్నని పట్టీలా సాగిన నేలకు ఉద్దానమని పేరు. ఉద్యానమనే మాటే జనవ్యవహారంలో ఉద్దానమయిందని పెద్దలంటారు. పేరుకు తగినట్లే కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఈ సీమను కప్పి ఉంటాయి. టెక్కలి మీదుగా వచ్చిన పదహారో నంబరు జాతీయ రహదారి పలాస–కాశీబుగ్గను దాటి ఇచ్ఛాపురం వైపు సాగిపోతుంది. ఆ రహదారిని వదలి సముద్రం దిక్కుకు తిరిగిన బాటసారికి మొదట తారుదారి, ఆపైన సిమెంటుదారి, చివరకు తోటల నడుమ ఇసుకబాట ఎదురవుతాయి. పెద్ద ఊళ్ళకు నేడు మంచి దారులే పడ్డాయి. అయినా తోట లోపలికి పోవాలన్నా, పడవలు నిలిపే ఒడ్డుకు చేరాలన్నా ఇసుక తప్పదు.

ఇటువంటి దారులకు తామే తగినవారమని చెప్పుకొనే కొత్త వాహనాలు ఇటీవల విపణిలోకి వచ్చాయి. ఇవి పెట్రోలు, డీజిలు అవసరం లేకుండా విద్యుత్తుతో నడిచే ఎస్‌యూవీలు. ప్రకటనలలో ఇవి కొండలెక్కుతాయి, వాగులు దాటుతాయి. వాటిని ఒకసారి మన ఉద్దానపు బాటపై నిలిపి, వాటి రూపాన్నీ పరిమాణాన్నీ పొదుపునూ పోల్చి చూద్దాం.

పోలికకు మూడు వాహనాలు చాలు. మొదటిది 2024 నవంబరులో మహీంద్రా సంస్థ వెలువరించిన బీఈ 6. రెండవది 2025 జూన్‌లో టాటా సంస్థ తెచ్చిన హ్యారియర్ ఈవీ. మూడవది 2025 జనవరిలో మన దేశానికి వచ్చిన మెర్సిడెస్ జీ 580. విడుదలనాడే ఈ మూడవదాని వెల మూడు కోట్ల రూపాయలు. కనుక దానిని కొనే ఉద్దేశంతో కాక, విద్య నేర్చుకొనే ఉద్దేశంతోనే ఇక్కడ ప్రస్తావిస్తున్నాం.

బీఈ 6 పొడవు 4371 మిల్లీమీటర్లు. హ్యారియర్ పొడవు 4607. అయితే ముందు చక్రానికీ వెనుక చక్రానికీ నడుమ దూరం హ్యారియర్‌లో 2741 మిల్లీమీటర్లు కాగా, పొట్టిదైన బీఈ 6లో 2775. చిన్న బండికి పెద్ద ఎడమేమిటని ఆశ్చర్యం కలుగుతుంది. కారణం పుట్టుకలో ఉంది. హ్యారియర్ మొదట డీజిలు బండిగా పుట్టి, తరువాత విద్యుత్తుకు మారింది. బీఈ 6 ఆది నుంచీ విద్యుత్తు కోసమే రూపొందింది. ఇంజను లేనందువల్ల దాని ముక్కు కురచయింది. బ్యాటరీని పరచడానికి చక్రాల నడుమ నేల విశాలమయింది.

ఈ సౌకర్యమే ఇసుకదిబ్బ మీద చిక్కు తెచ్చిపెడుతుంది. బీఈ 6 అడుగుభాగానికీ నేలకూ నడుమ ఎడం 207 మిల్లీమీటర్లు. అంకె చిన్నదేమీ కాదు. కాని చక్రాలు దూరదూరంగా ఉన్న బండి దిబ్బ శిఖరాన్ని దాటేటప్పుడు నడుము నేలకు ఆనుతుంది. చక్రాలు దగ్గరగా ఉన్న బండి అదే ఎడంతో సులువుగా దాటిపోతుంది. రెండవ ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపు పొడవు సుమారు 3.3 మీటర్లు, బరువు ఒక టన్నుకు కాస్త అటూ ఇటూ. మహీంద్రా సంస్థ మన దేశంలో 1947 నుంచి ఆ జీపులనే కూర్చసాగింది. కొత్తవాటి సొగసుతో దానిని పోల్చరాదు గాని, దిబ్బ దాటడంలో ఆ పొట్టితనమే దాని బలం.

ఇక శక్తిని చక్రాలకు అందించే తీరు చూద్దాం. బీఈ 6లో మోటారు వెనుక చక్రాలను మాత్రమే తిప్పుతుంది. హ్యారియర్‌లోని పై తరగతి నమూనాకు ముందొకటి, వెనుకొకటి మోటార్లున్నాయి. జీ 580లో నాలుగు చక్రాలకూ నాలుగు మోటార్లు. డీజిలు ఇంజను తగినంత వేగంగా తిరిగితేనే పూర్తి బలం చూపగలదు. విద్యుత్ మోటారు కదలిక మొదలైన క్షణం నుంచే బలమిస్తుంది. ఇసుకలో ఇది రెండంచుల కత్తి. ఆ బలాన్ని మెల్లగా వాడితే బండి పైకి వస్తుంది, ఒక్కసారిగా వాడితే చక్రం తన గోతిని తానే తవ్వుకొంటుంది. అందుకే హ్యారియర్‌లో ఇసుకకు ప్రత్యేకమైన నడక పద్ధతిని ఏర్పరచారు. చక్రం జారడాన్ని గుర్తించి క్షణంలో సరిదిద్దే నేర్పు మోటారుకు ఇంజను కంటే ఎక్కువ. ఈ విషయంలో విద్యుద్వాహనానికి మార్కులు వేయవలసిందే.

పొదుపు విషయానికి వస్తే సంస్థలు చెప్పే అంకెలు కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. హ్యారియర్ బ్యాటరీలో 75 యూనిట్ల విద్యుత్తు నిలువ ఉంటుంది. పరీక్షశాల లెక్క ప్రకారం రెండు మోటార్ల బండి దానితో 622 కిలోమీటర్లు పోతుంది. అనగా నూరు కిలోమీటర్లకు 12 యూనిట్లు. పెద్ద బ్యాటరీ గల బీఈ 6 కూడా 79 యూనిట్లతో 680 కిలోమీటర్లకు పైగా పోతుందన్నారు. జీ 580కి 116 యూనిట్ల బ్యాటరీ ఉన్నా 473 కిలోమీటర్లే గరిష్ఠం. దాని పరీక్ష యూరోపు పద్ధతిది, మన పద్ధతి కంటే కఠినమైనది. అది గమనించినా, మూడు టన్నులు దాటిన దాని బరువు, పెట్టెవంటి దాని ఆకారం గాలితో చేసే పోరాటం ఆ అంకెలో కనిపిస్తూనే ఉన్నాయి.

పరీక్షశాలలో ఇసుక ఉండదు. ఇక్కడ భౌతికశాస్త్రం కొంచెం అవసరం. రెండు టన్నుల బండి గట్టి తారుదారిపై దొర్లేటప్పుడు టైర్లకు ఎదురయ్యే నిరోధం దాని బరువులో నూటికి ఒకటిన్నర వంతు లోపే. మెత్తని పొడి ఇసుకలో అది ఇరవై వంతుల వరకు పెరగగలదు. అప్పుడు బండిని ముందుకు నెట్టడానికి సుమారు 4000 న్యూటన్ల బలం కావాలి. ఆ బలంతో కిలోమీటరు దూరం నెడితే 40 లక్షల జౌళ్ల పని జరుగుతుంది. ఒక యూనిట్ విద్యుత్తంటే 36 లక్షల జౌళ్లు. కాబట్టి మెత్తని ఇసుకలో ఒక్క కిలోమీటరుకే ఒక యూనిట్‌కు మించి ఖర్చు. తారుదారిపై అదే యూనిట్‌తో ఏడెనిమిది కిలోమీటర్లు పోవచ్చు. టైర్లలో గాలి కొంత తగ్గిస్తే అవి నేలపై వెడల్పుగా పరుచుకొని ఇసుకలో తక్కువగా దిగుతాయి, ఖర్చూ తగ్గుతుంది. రహదారి ఎక్కేముందు మరల గాలి నింపడం మాత్రం మరవరాదు.

ఈ లెక్కలో బరువే ప్రధానం. ఎక్కువ దూరం పోవాలంటే పెద్ద బ్యాటరీ కావాలి. పెద్ద బ్యాటరీ ఒక్కటే నాలుగైదు వందల కిలోలు తూగుతుంది. ఆ బరువును ఇసుకలో లాగడానికి మళ్ళీ విద్యుత్తే కావాలి. అమెరికాలో తయారయ్యే హమ్మర్ ఈవీ నాలుగు టన్నులు దాటింది. దానిని భావనపాడు ఒడ్డుకు తెచ్చి నిలిపితే తిరిగి లాగడానికి ఊరంతా కదలాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. తరతరాల కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. విద్యుత్ స్తంభాలు కూలి ఊళ్ళు రోజుల తరబడి చీకటిలో మునిగాయి. అటువంటి వేళ విద్యుద్వాహనం ఏమవుతుందన్నది న్యాయమైన ప్రశ్న. దానిని నింపడానికి విద్యుత్తే ఉండదు. అయితే హ్యారియర్ వంటి బండ్లలో మరొక ఏర్పాటు ఉంది. బ్యాటరీలోని విద్యుత్తును తిరిగి బయటి ఉపకరణాలకు ఇవ్వవచ్చు. నాలుగు దీపాలు, రెండు ఫ్యాన్లు, ఫోన్లు వాడే ఇంటికి రోజుకు రెండు మూడు యూనిట్లు చాలనుకుంటే, నిండిన బ్యాటరీ మూడు వారాలకు పైగా ఆ ఇంటిని నడపగలదు. ఇంటికి ఇచ్చినదంతా ప్రయాణానికి తరుగే. దారికి అడ్డంగా చెట్టు పడి ఉంటే మాత్రం ఏ మోటారూ చేయగలిగింది లేదు, రంపమే గతి.

ఆ విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఈ సీమవాసులు మరవలేని సంగతి. సోంపేట బీల భూముల్లో తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని రైతులు, మత్స్యకారులు వ్యతిరేకించారు. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ కేంద్రం అక్కడ రాలేదు. రాష్ట్రంలోని విద్యుత్తులో బొగ్గు వాటా నేటికీ పెద్దదే కనుక, పొగ బండి వెనుక నుంచి పోయి వేరొక ఊరి గొట్టం మీదికి చేరిందని అనేవారి మాటను తేలికగా కొట్టివేయలేం. మోటారు శక్తిని ఇంజను కంటే ఎంతో తక్కువగా వృథా చేస్తుందన్నది అంతే నిజం.

ఉద్దానంలో వాహనానికి అన్నిటికన్నా అవసరమైన పని వేరొకటుంది. ఇక్కడ మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా వేలాది కుటుంబాలను పీడిస్తున్నది. దాని మూలకారణం ఇంకా నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలిసిస్ అవసరమైనవారు వారానికి రెండు మూడుసార్లు ప్రయాణం చేయాలి. ప్రతిసారీ యంత్రం వద్ద నాలుగు గంటలు గడపాలి.

తీరగ్రామం నుంచి ఆసుపత్రి ఇరవై కిలోమీటర్లనుకుందాం. రానుపోను నలభై. ఇసుకబాట కొంత కలిసినా ఎనిమిది యూనిట్లు చాలు. రోగి మంచంపై ఉండే నాలుగు గంటల్లో, ఇంట్లో వాడేవంటి 3.3 కిలోవాట్ల మామూలు చార్జరే 13 యూనిట్లు నింపగలదు. ఆరు వందల కిలోమీటర్ల బ్యాటరీ ఇక్కడ అనవసరపు బరువు. 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీ అనే సరకు బండికి 21.3 యూనిట్ల బ్యాటరీయే ఉంది. ప్రయాణికుల బండికీ దాదాపు అంతే సరిపోతుంది. డయాలిసిస్ ముగిసిన మనిషి నీరసంగా ఉంటాడు. ఎత్తైన అంతస్తు గల ఎస్‌యూవీలోకి కాలెత్తి ఎక్కడం అతనికి కష్టం. కనుక ఉద్దానానికి కావలసినది నేల నుంచి ఎడం తగినంత ఉండి, అడుగుపెట్టే మెట్టు కిందికి ఉండి, టన్నున్నర లోపు తూగి, నాలుగు చక్రాలూ తిరిగే చిన్న బండి. పైన పోల్చిన మూడింటిలో ఏదీ ఈ కొలతలకు రాదు. హ్యారియర్ రెండు మోటార్ల నమూనా ఇసుకలో సమర్థమైనదే, కాని విడుదలనాడే దాని వెల 28 లక్షల 99 వేల రూపాయలు.