మారిషస్ రూపాయి, యూరో గది

శామీర్‌పేట

లావణ్యా,

అల్లుడూ నువ్వూ మారిషస్ పోదామనుకుంటున్నారని మీ నాయన చెప్పిండు. "అక్కడిది కూడా రూపాయే గదా పెద్దనాయినా, ఎంతయితది?" అని నువ్వు ఫోన్‌లో అడిగితే ఒక అంకె చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ అంకె నిన్ను పెడదారి పట్టిస్తుందని రాస్తున్నా. బ్యాంకులో విదేశీ మారకం సీట్లో ఏళ్లకేళ్లు కూచున్నవాణ్ణి, నాకు ఈ చాదస్తం తప్పదు.

అక్కడిది రూపాయే, నిజమే. ఈ మధ్య వాళ్ల రూపాయి ఒకటి కొనాలంటే మనవి దాదాపు రెండు పడుతున్నాయి. అందరూ దాన్నే పట్టుకొని ప్రతి ధరనూ రెండుతో హెచ్చవేసి బడ్జెట్ రాసుకుంటారు. సముద్రం ఒడ్డున ఉండే రిసార్టుల దగ్గర ఆ లెక్క చెల్లదు. అక్కడికి వచ్చేవాళ్లలో ఫ్రాన్స్ వాళ్లు, పక్కనే ఉన్న రీయూనియన్ వాళ్లు, బ్రిటన్, జర్మనీ వాళ్లు ఎక్కువ. అందుకని గది ధర యూరోల్లో కడతారు. మారిషస్ రూపాయి ఎంత పడిపోయినా నీకు గది అగ్గువ కాదు; యూరోకు మన రూపాయి ఎంతుందో అదే నీ లెక్క. బస్సు టికెట్టు, పోర్ట్ లూయీ మార్కెట్లో పండ్లు, రోడ్డు పక్కన జతగా చుట్టి ఇచ్చే ధోల్ పురీ, ఇవన్నీ రూపాయి లెక్క. పప్పు కూరిన ఆ పల్చటి రొట్టె అక్కడివాళ్లకు మన ఇడ్లీ అంత మామూలు తిండి.

అంటే ఒకే దీవిలో రెండు బజార్లున్నాయి. ఏ బజార్లో ఎన్ని పూటలు గడుపుతారన్నదే మీ ఖర్చు. నా మాట వింటే సముద్రం ఒడ్డు రిసార్టులో రెండు మూడు రాత్రులు చాలు, మిగతావి ఊళ్లో గెస్ట్‌హౌస్‌లో ఉండండి. రిసార్టులో కూడా మూడు పూటల తిండీ కలిపిన ప్యాకేజీ తీసుకోకు. పగలంతా తిరిగేవాళ్లు తినని మధ్యాహ్న భోజనానికి యూరోలు ఎందుకు కట్టాలె? పొద్దున టిఫిను, రాత్రి భోజనం ఉన్నది చూసుకో.

ఆ రూపాయి అక్కడికెట్ల పోయిందో కూడా విను, ఇది నాకు ఇష్టమైన సంగతి. 1834 నుంచి ఇంగ్లీషోళ్లు చెరకు తోటల కోసం మనవాళ్లను అయిదేళ్ల ఒప్పందం మీద ఓడలెక్కించారు. మగ కూలికి నెలకు అయిదు రూపాయలు, దాంతోపాటు బియ్యం, పప్పు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవాళ్లు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి పోయినవాళ్లూ ఉన్నారు. అందుకే తెలుగువాళ్లకు అక్కడ ఆ రేవు పేరే నిలిచింది. కూలీలు దిగిన మెట్లను, ఆప్రవాసి ఘాట్‌ను, 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. తప్పకుండా చూసి రా. ఇంతమంది హిందుస్తానీలు చేరి, ఇక్కడితో వ్యాపారం పెరిగేసరికి 1870ల్లో సర్కారు అంతకుముందున్న డాలరును పక్కనపెట్టి రూపాయినే నగదు చేసింది.

ఇప్పటి నోట్ల మీద ఇంగ్లీషుతో పాటు తమిళం, హిందీ ఉంటాయి. 1998లో ఆ రెండింటి వరస మార్చి అచ్చేసినందుకు తమిళులు గొడవ చేస్తే అక్కడి కేంద్ర బ్యాంకు ఆ నోట్లనే వెనక్కి తీసుకుంది. తెలుగు నోటు మీద లేదు గానీ ఉగాదికి దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే.

ఆ దీవి ఎట్ల బతుకుతుందో తెలియాలంటే మన మేడ్చల్ రోడ్డునే తలుచుకో. నీ చిన్నప్పుడు ఇక్కడంతా అనాబెషాహి ద్రాక్ష పందిళ్లే. ఇప్పుడు వెంచర్లు, ఫాంహౌస్‌లు, ఔటర్ రింగ్ రోడ్డు. అక్కడ చెరకుదీ అదే దారి. 1975 నుంచి ఐరోపా ఒప్పందం మీద చక్కెరకు ఖాయమైన ధర ఉండేది, 2009లో అది పోయింది. కాకపోతే వాళ్లు అప్పటిదాకా చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1970లోనే ఎగుమతి మండలాల చట్టం తెచ్చి బట్టల మిల్లులు పెట్టారు, తర్వాత పర్యాటకం, ఆ తర్వాత ఆర్థిక సేవలు. 1982లో మన దేశంతో చేసుకున్న పన్ను ఒప్పందం పుణ్యాన ఎక్కడెక్కడి పెట్టుబడులో మారిషస్ చిరునామాతో మన షేర్ మార్కెట్లోకి వచ్చాయి. 2016లో దాన్ని సవరించాక ఆ జోరు తగ్గింది. చెరకు పొలాల్లో కొన్నింటిని విదేశీయులకు విల్లాలుగా అమ్మే పథకాలు 2002 నుంచి ఉన్నాయి. రంగురంగుల బ్రోచర్ పట్టుకొని ఎవరన్నా వస్తే ముచ్చటగా చూసి తిరిగిచ్చెయ్యి. ఇక్కడి ప్లాటు కిస్తీలే ఇంకా తీరలేదు మీకు.

2020 మార్చిలో కరోనాకు సరిహద్దులు మూసేసరికి ఆ ఏడు వాళ్ల ఆర్థిక వ్యవస్థ దాదాపు ఏడో వంతు తగ్గిపోయింది. డాలరుకు ముప్ఫైఆరు, ముప్ఫైఏడు ఉండే రూపాయి రెండేళ్లలో నలభై అయిదు చుట్టుపక్కలకు జారింది. బియ్యం, గోధుమపిండి, నూనె, పెట్రోలు బయటి నుంచి తెచ్చుకునే దేశం. వాళ్ల రూపాయి పడితే ముందు మండేది వాళ్ల వంటింటి ఖర్చే. అందుకే ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోకు. గది కాడ యూరోలు నోరు మూసుకొని కట్టి, బజార్లో అనాసపండు కోసిచ్చే ముసలామెతో అయిదు రూపాయలకు గీచిగీచి బేరమాడకు. టాక్సీవాడితో మాత్రం ఎక్కేముందే ధర తేల్చుకో, మీటరు మీద ఆశ పెట్టుకోవద్దు.

బస్సులు బాగుంటాయి. అక్కడ ముసలివాళ్లకు, విద్యార్థులకు 2005 నుంచి టికెట్టు లేదు. మన మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు బస్సు ఉచితమని అలవాటుపడ్డదానివి, నువ్వు మాత్రం కొనాల్సిందే! పోర్ట్ లూయీ నుంచి క్యూర్‌పీప్‌కు మెట్రో ఉంది, కట్టింది మన ఎల్ అండ్ టీ వాళ్లే.

డబ్బు సంగతి. మారిషస్ రూపాయలు ఇక్కడ వెతకొద్దు, దొరికినా రేటు బాగుండదు. కొంచెం యూరోలో డాలర్లో నోట్లు తీసుకొని అక్కడ అవసరమైనంత మార్చుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ మన యూపీఐ, రూపే కార్డు పనిచేస్తున్నాయి. చిన్న దుకాణాల్లో నగదే నయం. కార్డు గీకినప్పుడు మెషీను "మీ దేశపు రూపాయల్లో కడతారా" అని అడిగితే ఒప్పుకోకు. అక్కడి రూపాయల్లోనే కట్టు, లేకపోతే మధ్యవాడు తన రేటు వేసుకుంటాడు. టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ పేరుతో ముందే కొంత పన్ను పట్టుకుంటారు. ఆ రసీదు దాచిపెట్టి ఆదాయపన్ను రిటర్న్ వేసేటప్పుడు చూపమని అల్లుడికి చెప్పు.

వీసా ముందుగా అక్కర్లేదు గానీ తిరుగు టికెట్టు, బస కాయితం చేతిలో ఉండాలె. హైదరాబాద్ నుంచి ముంబై మీదుగా చూసుకోండి. డిసెంబర్లో అన్నీ ప్రియం, జనవరి నుంచి మార్చి దాకా తుఫాన్ల భయం. మీకు సెలవు దొరికితే మే నెలాఖరు గానీ సెప్టెంబరు గానీ మంచిది. తేదీలు అనుకున్నాక, డబ్బు కట్టకముందే ఆ ప్యాకేజీ కాయితం ఆదివారం పట్టుకొని రా. తిండి, పన్నులు, ఎయిర్‌పోర్ట్ కారు, ఏవి కలిపారో ఏవి కలపలేదో ఇద్దరం కూర్చొని చూద్దాం.

మీ పెద్దనాయిన