గేటు దగ్గర నిలబెట్టకు

తుని,
కార్తీక బహుళ తదియ

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. హెడ్‌మిస్ట్రెస్‌వై ఆరునెలలు కాలేదు, అప్పుడే యూనిఫాం పేచీ వచ్చిపడిందన్నమాట. అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాడు నల్లబట్టల్లో వచ్చాడని నాలుగు రోజులుగా వెనక్కి పంపుతున్నారనీ, స్కార్ఫు కట్టుకొచ్చే అమ్మాయి సంగతి కూడా తేల్చమంటున్నారనీ రాశావు. ఒకరికి ఒప్పుకుంటే అందరూ అడుగుతారని మీ కరస్పాండెంటు గారి భయం. అడగనీ. అడిగితే తప్పేముంది?

ముందు నా తప్పు చెబుతాను. నేను పనిచేసిన ఒక బడికి పాయకరావుపేట నుంచి తాండవ వంతెన దాటి నడిచొచ్చే తొమ్మిదో తరగతి పిల్లాడు ఒకరోజు మాలతో, చెప్పుల్లేకుండా వచ్చాడు. బూట్లు లేవని గేటు దగ్గరే ఆపేశాను. వాదించలేదు. ‘సరే సార్’ అని వెనక్కి తిరిగాడు. దీక్ష 41 రోజులూ మళ్ళీ కనబడలేదు. శబరిమల వెళ్ళొచ్చాక వచ్చాడు గానీ అప్పటికి బీజగణితం సగం అయిపోయింది. ఆ ఏడు లెక్కల్లో తప్పాడు. వాడి ఉత్త కాళ్ళు పాఠానికి ఏం అడ్డమొచ్చాయో ఇప్పటికీ నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను.

అందుకే నువ్వు చూడాల్సింది ఒక్కటే: దీనివల్ల చదువుకి గానీ, పక్క పిల్లలకి గానీ ఇబ్బందేమిటి? ల్యాబులో మంట దగ్గర వేలాడే కండువా, స్కార్ఫు అంచూ రెండూ ప్రమాదమే, లోపలికి దోపుకోమను. స్కార్ఫు యూనిఫాం రంగులో ఉండాలంటే అనొచ్చు. మాలకి సరేనని స్కార్ఫుకి కాదంటే మాత్రం నేను ఒప్పుకోను. ఇంట్లోవాళ్ళ బలవంతం ఉందేమో అనిపిస్తే ఆ పిల్లని పక్కకి పిలిచి అడుగు, నలుగురిలో కాదు.

‘మీ మతంలో ఇది తప్పనిసరా?’ అని ఎవర్నీ నిలదీయకు. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతానికి గౌరవంగా లేచి నిలబడ్డారు, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. బళ్ళోంచి తీసేశారు. మరుసటేడు సుప్రీంకోర్టులో మన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి వాళ్ళని తిరిగి చేర్చుకోమన్నారు. ఆ నమ్మకం మనకి సబబుగా తోస్తుందా అని కాదు, వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అని చూశారు. కర్ణాటక హైకోర్టు 2022 మార్చిలో హిజాబ్ తప్పనిసరి ఆచారం కాదంటూ బళ్ళలో దాని మీద పెట్టిన నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు చెప్పారు. ఆడపిల్ల చదువు ఆగిపోకూడదన్న జస్టిస్ ధూలియా వైపే నా మనసు. అంత పెద్ద కోర్టులో తేలని మాటని మీ వాచ్‌మన్ చేత తేల్పించకు.

రంజాన్‌లో ముందే ఇంటికెళ్ళాలంటున్న మీ ఉర్దూ టీచరమ్మ సంగతీ రాశావు. రంజాన్‌లో ముస్లిం ప్రభుత్వోద్యోగులు గంట ముందు ఇంటికెళ్ళేందుకు వెసులుబాటు ఇస్తున్నారు. మీది ప్రైవేటు బడే అయినా, ఆవిడ ఆఖరి పీరియడుని పొద్దుటికి మార్చడం టైంటేబుల్లో ఒక్క గీత పని.

సోమవారం ప్రేయరుకి ముందే గేటు దగ్గర చెప్పి ఉంచు, ఆ ఇద్దర్నీ ఆపొద్దని. కుర్రాడికి పోయిన పాఠాలు ఎవరి నోట్సులోంచైనా రాయించు. లెక్కలైతే ఆదివారం నా దగ్గరికి పంపు. అన్నవరం నుంచి బస్సెక్కితే ఎంతసేపని, పొద్దున్నే వచ్చినా ఇంట్లోనే ఉంటాను.

మీ మావయ్య