పేరు దక్కని మార్గదర్శి: వీడియో గేమ్‌ల చరిత్రలో జెర్రీ లాసన్

విద్యుత్ బల్బు అనగానే ఎడిసన్ అనీ, టెలిఫోన్ అనగానే గ్రాహంబెల్ అనీ ఏడో తరగతి విద్యార్థి కూడా తడుముకోకుండా చెబుతాడు. వీడియో గేమ్ ఎవరు కనిపెట్టారని అడిగితే మాత్రం డిగ్రీ చదివినవారు కూడా తలగోక్కుంటారు. ఆటల పేర్లు అందరికీ తెలుసు, వాటి వెనుక మనుషుల పేర్లు తెలియవు. ఈ వార్షికోత్సవ సంచికలో అటువంటి ఒక మనిషిని మన హాస్టల్ సోదరులకు, పూర్వ విద్యార్థులకు పరిచయం చేయాలని మేము అనుకున్నాము. ఆయన పేరు జెర్రీ లాసన్. ఆయన చేసిన పని అర్థం కావాలంటే ముందు కొంత చరిత్ర తెలియాలి.

తొలి అడుగులు

1958లో అమెరికాలోని బ్రూక్‌హావెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త, సందర్శకుల వినోదం కోసం ఆసిలోస్కోపు తెరమీద టెన్నిస్ ఆటను తయారుచేశాడు. 1962లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ (ఎం.ఐ.టి.)లో స్టీవ్ రసెల్, అతని మిత్రులు కంప్యూటర్ మీద 'స్పేస్‌వార్' అనే ఆటను పూర్తిచేశారు. ఈ రెండూ ప్రయోగశాలల ఆటలే. సామాన్యుడి ఇంటికి రాలేదు.

ఆటను ఇంట్లోని టీవీకి తెచ్చినవాడు రాల్ఫ్ బేర్. ఆయన 1922లో జర్మనీలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. యూదుడన్న ఒక్క కారణంతో నాజీల పాలనలో ఆయనను బడినుంచి వెళ్ళగొట్టారు. 1938లో ఆ కుటుంబం అమెరికాకు తప్పించుకుని వెళ్ళింది. అక్కడ బేర్ ఫ్యాక్టరీలో కూలి పని చేసుకుంటూనే ఉత్తరాల ద్వారా నేర్పే కోర్సులో రేడియో మరమ్మతు నేర్చుకున్నాడు. 1966లో టీవీతో ఆటలు ఆడించవచ్చుననే ఆలోచనను నాలుగు పేజీలలో రాసిపెట్టాడు. దాని ఫలితమే 1972లో మాగ్నవాక్స్ కంపెనీ అమ్మిన 'ఒడిస్సీ'. అదే ఇళ్ళలో వాడుకునే మొదటి వీడియో గేమ్ యంత్రం. దానిలో శబ్దం లేదు, రంగులు లేవు. ఆట మైదానం బొమ్మ ముద్రించిన ప్లాస్టిక్ షీటును టీవీ అద్దానికి అంటించి ఆడుకునేవారు. అదే ఏడాది నోలన్ బుష్నెల్ స్థాపించిన అటారీ కంపెనీలో అల్ ఆల్కార్న్ అనే ఇంజనీరు 'పాంగ్' తయారుచేశాడు. నాణెం వేసి ఆడే ఆ ఆట అమెరికా అంతటా పాకిపోయింది.

చిక్కు ఎక్కడుంది?

ఆ యంత్రాలన్నిటిలో ఒక పెద్ద లోపం ఉండేది. ఆట, యంత్రం వేరువేరు కావు. ఏ ఆట ఆడాలన్నది సర్క్యూట్‌లోనే ఖాయమై ఉండేది. ఒడిస్సీతో కొన్ని కార్డులు ఇచ్చేవారు కానీ, అవి లోపలి తీగల కలయికను మార్చేవే తప్ప వాటిలో ఆట అంటూ ఏమీ ఉండేది కాదు. అంటే కొన్ననాడు ఎన్ని ఆటలున్నాయో చివరివరకూ అన్నే. విసుగు పుడితే యంత్రాన్ని అటక ఎక్కించడమే. పలక ఒకటే ఉండి ఎన్ని పాఠాలైనా రాసి తుడుచుకోవచ్చు. ఒక్కో పాఠానికి ఒక్కో పలక కొనవలసి వస్తే ఎట్లా ఉంటుంది? ఆనాటి పరిస్థితి అది.

జెర్రీ లాసన్ బాల్యం

జెర్రీ లాసన్ అసలు పేరు జెరాల్డ్ ఆండర్సన్ లాసన్. 1940 డిసెంబరు 1న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో నల్లజాతి కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఓడరేవులో సరుకు దించే కార్మికుడు. అయినా సైన్సు పుస్తకాలంటే ప్రాణం. తాత భౌతికశాస్త్రం చదివి కూడా ఆ రంగంలో పనిచేసే అవకాశం దక్కక తపాలా శాఖలో ఉద్యోగం చేశాడు. తల్లి మాత్రం కొడుకు చదువు విషయంలో రాజీ పడలేదు. మంచి బడి కోసం వెతికింది, బడి తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షురాలిగా పనిచేసింది.

ఒకటో తరగతిలో లాసన్ కూర్చునే చోటికి దగ్గరగా గోడమీద జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పటం ఉండేది. కార్వర్ బానిస కుటుంబంలో పుట్టి గొప్ప వ్యవసాయ శాస్త్రవేత్త అయిన నల్లజాతి మేధావి. నువ్వు కూడా ఇలా కాగలవని టీచరు చెప్పిన మాట తన జీవితాన్ని నడిపించిందని లాసన్ పెద్దయ్యాక చెప్పుకున్నాడు.

పదమూడేళ్ళకే తన గదిలో అమెచ్యూర్ రేడియో కేంద్రం కట్టుకున్నాడు. టీవీలు బాగుచేసి డబ్బు సంపాదించాడు. కళాశాలలో చేరాడు కానీ డిగ్రీ పూర్తికాలేదు. ఎలక్ట్రానిక్స్ మాత్రం చేతులతో నేర్చుకున్నాడు. 1970లో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌చైల్డ్ సెమికండక్టర్ కంపెనీలో ఇంజనీరుగా చేరాడు. సొంతంగా ఇంటి గ్యారేజీలో ఒక వీడియో గేమ్ తయారుచేస్తే, ఆ సంగతి తెలిసిన కంపెనీ ఆయనను వీడియో గేమ్ విభాగానికి పెట్టింది.

ఛానల్ ఎఫ్

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆటను విడిగా ఒక చిప్‌లో పెట్టి యంత్రానికి తగిలించే ఆలోచన లాసన్ ఒక్కడిది కాదు. ఆల్పెక్స్ అనే చిన్న కంపెనీలో వాలెస్ కిర్ష్‌నర్, లారెన్స్ హాస్కెల్ అనే ఇద్దరు దాని తొలి నమూనా తయారుచేశారు. దానిని జనం కొనుక్కుని ఇంట్లో వాడుకునే వస్తువుగా మలిచింది లాసన్ నాయకత్వంలోని బృందం. నిక్ టేల్స్‌ఫోర్ పెట్టెలకు రూపమిచ్చాడు, రాన్ స్మిత్ యంత్ర భాగాల పని చూశాడు.

పని విధానం ఇది. యంత్రంలో మైక్రోప్రాసెసర్ ఉంటుంది. అది ఆదేశాలను చదివి అమలు చేస్తుంది. ఆట నియమాలన్నీ ఆదేశాలుగా రామ్‌లో కాకుండా రోమ్ అనే చిప్‌లో శాశ్వతంగా రాసి ఉంటాయి, కరెంటు పోయినా చెరిగిపోవు. ఆ చిప్‌ను పెట్టెలో అమర్చి యంత్రంలోకి దూర్చితే ఆ ఆట, తీసి ఇంకొకటి పెడితే ఇంకో ఆట. వినడానికి తేలికే. కానీ చిన్నపిల్లలు వందలసార్లు పెట్టి తీసినా కొసలు అరగకూడదు, చిప్ పాడుకాకూడదు. పక్కింటి టీవీకి అంతరాయం కలిగించే తరంగాలు బయటికి రాకూడదన్న ప్రభుత్వ నియమాలను కూడా నెగ్గాలి. ఇవన్నీ సాధించి 1976 నవంబరులో 'ఛానల్ ఎఫ్'ను విడుదల చేశారు. ధర 169.95 డాలర్లు. ఆటను మధ్యలో ఆపి మళ్ళీ కొనసాగించే మీట కూడా దానిలో ఉంది.

మరుసటి ఏడాది, 1977లో, అటారీ కంపెనీ ఇదే పద్ధతిలో తన యంత్రాన్ని తెచ్చింది. మార్కెట్ దానిదయింది, పేరూ దానిదే అయింది. 1990లలో మన ఊళ్ళలో టీవీకి తగిలించి ఆడిన ఆటపెట్టెలలో, మనవాళ్ళు 'క్యాసెట్' అని పిలిచినది ఈ పద్ధతి సంతానమే.

పేరు సంగతి

ఆ రోజుల్లో ఆటలు రాసినవారి పేర్లు బయటికి రానిచ్చేవారు కాదు. అటారీలో వారెన్ రాబినెట్ అనే యువకుడు 'అడ్వెంచర్' అనే ఆటలో ఒక రహస్యపు గది కట్టి, దానిలో తన పేరు దాచిపెట్టాడు. 1979లో నలుగురు ప్రోగ్రామర్లు అటారీని వదిలి యాక్టివిజన్ సంస్థ స్థాపనలో పాలుపంచుకోవడానికి గల కారణాలలో ఈ గుర్తింపు లేమి ఒకటి. తరువాత ఆ సంస్థలోనే కరోల్ షా అనే మహిళ 1982లో 'రివర్ రెయిడ్' ఆటను రూపొందించి, తన పేరుతో ప్రపంచానికి పరిచయమైంది.

లాసన్‌కు గుర్తింపు రావడానికి 35 ఏళ్ళు పట్టింది. 2011 మార్చిలో ఆట రూపకర్తల సదస్సులో ఆయనను మార్గదర్శిగా సత్కరించారు. మరుసటి నెల, ఏప్రిల్ 9న ఆయన కన్నుమూశాడు. 2022 డిసెంబరు 1న, ఆయన 82వ జయంతి సందర్భంగా గూగుల్ తన మొదటి పేజీలో ఆయన బొమ్మతో ఆటలు పెట్టింది.

మనం నేర్చుకోవలసినది

ఈ కథ చదివి డిగ్రీ లేకపోయినా ఫరవాలేదని ఎవరూ అనుకోవద్దని మా మనవి. భౌతికశాస్త్రం చదివిన తాతకు తలుపు తెరుచుకోలేదు. మనవడికి తెరుచుకున్నదంటే దాని వెనుక తల్లి పట్టుదల, టీచరు మాట, ఏళ్ళ తరబడి చేతులు కాల్చుకుని నేర్చిన విద్య ఉన్నాయి. మన సంక్షేమ హాస్టళ్ళు ఉన్నది కూడా ఆ తలుపు మూసుకుపోకుండా చూడటానికే. మన గోడమీద అంబేద్కర్ గారి పటం ఉన్నది దండ వేయడానికి మాత్రమే కాదు. నువ్వు కూడా కాగలవని చిన్న తరగతి తమ్ముడికి, చెల్లికి ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. పటం తనంతట తాను మాట్లాడదు.

రెండవది, పని చేసినవారి పేరు రాయడం. కిర్ష్‌నర్, హాస్కెల్‌ల వాటాను లాసన్‌కు కట్టబెట్టడం ఎంత తప్పో, లాసన్ వాటాను అటారీకి కట్టబెట్టడం అంతే తప్పు. సైన్స్ ఫేర్‌లో నమూనా పెట్టినా, వార్షికోత్సవంలో నాటకం వేసినా, తెర వెనుక తీగలు కలిపినవాడి పేరు కూడా కాగితం మీద ఉండాలి. పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే: మీరు ఏ రంగంలో ఉన్నా, మీరు చేసిన పని ఏమిటో రాసి పంపండి. మన చరిత్రను మనం రాసుకోకపోతే దానికోసం మరో 35 ఏళ్ళు ఎదురుచూడవలసి వస్తుంది.