విలోమ సైన్ మరచిపోయే కోణం

సైన్ 150° ఎంత? 1/2. సరే, ఇప్పుడు సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో 1/2కు విలోమ సైన్ చూడండి. 30° అంటుంది! తప్పు దానిది కాదు. 30°, 150°, 390° - అన్నిటికీ సైన్ 1/2 మాత్రమే. మనమిచ్చిన 1/2 ఏ కోణం నుంచి వచ్చిందో దానికెలా తెలుస్తుంది? ప్రమేయమన్నాక ఒకే జవాబు చెప్పాలి. అందుకే విలోమ సైన్‌కు -90° నుంచి 90° వరకు, విలోమ కొసైన్‌కు 0° నుంచి 180° వరకు హద్దులు పెట్టారు.

కనుక -1 నుంచి 1 వరకు ఏ సంఖ్యకైనా ముందు విలోమ సైన్, తరువాత సైన్ తీస్తే ఆ సంఖ్యే తిరిగి వస్తుంది. వరుస మారిస్తే మాత్రం, కోణం హద్దుల్లో ఉంటేనే వస్తుంది.

3, 5, 7 మీటర్ల భుజాలున్న త్రిభుజం తీసుకోండి. వైశాల్యం నుంచి లెక్కిస్తే, 7 మీటర్ల భుజానికి ఎదుటి కోణం సైన్ √3/2 వస్తుంది. విలోమ సైన్ 60° అంటుంది. మా తరగతిలో చాలామంది అదే రాశారు (చదువుకునే రోజుల్లో నేనూ రాశాను). 3, 5 మీటర్ల భుజాల మధ్య 60° ఉంచి నేలమీద గీయండి. మూడో భుజం సుమారు 4.36 మీటర్లే! కొసైన్ సూత్రంతో చేస్తే (9 + 25 - 49)/30, అంటే -1/2. దాని విలోమ కొసైన్ 120°. త్రిభుజ కోణాలన్నీ 0°, 180° మధ్యవే కదా, ఇక్కడ పొరపాటుకు తావు లేదు.

తమాషా ఏమిటంటే, 60° వేసినా 120° వేసినా వైశాల్యం ఒకటే. దానితో సరిచూసుకున్న పిల్లలకు తమ తప్పు కనబడనే లేదు.