దాంపత్యంలో ఏకాంతం – ఒక పరిశీలన

ఈ శీర్షిక చూసి కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. పెళ్లి కాని పిల్ల, బి.యస్సీ. చదువుకునే పిల్ల, ఇలాంటి వాటి గురించి రాయటమేమిటని కొందరు ముఖం చిట్లించనూ వచ్చు. పట్టుచిలుకలు జతకూడే బొమ్మను జంతుశాస్త్రం రికార్డులో రంగు పెన్సిళ్లతో గీసి మార్కులు వేయించుకుంటాం. మనిషి సంగతి వచ్చేసరికి మాత్రం తలుపులు మూసుకుంటాం. ఆ మూసుకునే తలుపులు నిజంగా మన ఇళ్లల్లో ఉన్నాయా అన్నదే నా సందేహం.

మాది రామకుప్పం మండలంలో ఒక చిన్న పల్లె. కొంచెం మల్బరీ తోట, కొంచెం చేను, ఒక బోరు. మాకు పట్టుపురుగుల పెంపకమే ఆధారం. ఇప్పుడు చాలామంది వేరే షెడ్లు కట్టుకున్నారు గాని, చిన్న రైతుల ఇళ్లల్లో ఇప్పటికీ పురుగులది పెద్ద గది, మనుషులది వసారా. నాలుగో జ్వరం లేచిన తర్వాత ఆరేడు రోజులు పురుగు తినే తిండికి అంతుండదు. జీవితమంతా తినే ఆకులో ఎనభై శాతానికి పైగా ఆ వారంలోనే తింటుంది. అర్ధరాత్రి ఆకు వేయాలి, తెల్లవారకముందే మళ్లీ వేయాలి. ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకున్నారో, అసలు పడుకున్నారో లేదో ఎవరికీ పట్టదు. ఒకసారి మా వదిన ఆకు పరుస్తూ, "పురుగుకు జొరమొస్తే ఆకు మానేసి కదలకుండా పండుకుంటాది. దాన్ని ఎవురూ లేపరు. మనమూ పురుగులుగా పుట్టింటే బాగుండు" అన్నది. అందరూ నవ్వారు. వాళ్లలో చంకన బిడ్డ ఉన్న ఒకామె మాత్రం నవ్వలేదు.

పురుగుల పని ఇలా ఉంటే, మగవాళ్ల రాత్రులు ఇంకోలా ఉంటాయి. కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న ఊళ్లకు ఏనుగులు దిగుతాయి. పంట చేతికొచ్చే రోజుల్లో మగవాళ్లు చేలకాడే కాపలా పడుకుంటారు. భూమి లేనివాళ్లు, ఉన్నా నీళ్లు లేనివాళ్లు, కుప్పం స్టేషన్లో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనులకు పోయి రాత్రికి తిరిగొస్తారు. కొందరు అక్కడే ఉండి శనివారం వస్తారు. వచ్చిన మనిషికి ఒక ఆశ ఉంటుంది, ఇంట్లో ఉన్న మనిషికి ఒక అలసట ఉంటుంది. కొన్ని ఇళ్లల్లో అది తిరగబడి కూడా ఉంటుంది. ఆశ ఆమెది, అలసట అతనిది. ఈ రెండోది ఎవరూ బయటికి చెప్పరు. "నాకు ఇవాళ ఓపిక లేదు" అంటే మగతనానికే లోటనుకునే సమాజం మనది.

మన పెద్దలకు ఈ విషయం తెలియక కాదు. పెళ్లైన మూడు రాత్రులకు ఇల్లంతా ఖాళీ చేసి గది ఇస్తారు, పూలు కడతారు, పాలు పెడతారు. నాలుగో రోజునుంచి ఆ గదిలో వేరుశెనగ మూటలు. ఇక ఆషాఢం వచ్చిందంటే కొత్త కోడలు పుట్టింటికి. అప్పుడు కడుపు పడితే ఎండాకాలంలో కాన్పు వస్తుందనీ, సేద్యపు పనులు చెడతాయనీ కారణాలు చెబుతారు. ముట్టు, వ్రతం, పచ్చి బాలింతతనం, ఇవన్నీ ఆడదానికి దూరంగా ఉండటానికి సెలవులు. నేను గమనించిందేమిటంటే, ఈ సెలవులన్నీ పంచాంగమో, దేవుడో, ఒంటి స్థితో ఇచ్చినవే. "నాకు ఇష్టం లేదు" అన్న కారణానికి మాత్రం సెలవు లేదు. అందుకే మన ఆడవాళ్లు తలనొప్పిని అరువు తెచ్చుకుంటారు.

ఇక శాస్త్రం సంగతి. 1959లో జర్మన్ శాస్త్రజ్ఞుడు బూటెనాంట్ దాదాపు ఐదు లక్షల ఆడ పట్టుచిలుకల నుంచి బాంబికాల్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. దాని వాసన తగిలితే చాలు, మగ చిలుక రెక్కలు టపటపలాడించుకుంటూ వెతుక్కుంటూ పోతుంది. గుడ్ల కేంద్రాల్లో జతకూడిన చిలుకలను కొన్ని గంటల తర్వాత మనిషే విడదీస్తాడు. చిలుకకు ఒక్క మీట నొక్కితే చాలు. మనిషికి అలాంటి ఒక్క మీట లేదు. హార్మోన్లు ఉన్నాయి, నిజమే. కాని నిద్ర, ఆకలి, అప్పు, పక్క గదిలో దగ్గుతున్న అత్తగారు, పగలు పడిన మాట, ఇవన్నీ కోరికలో కలుస్తాయి. పాలిచ్చే తల్లిలో ప్రొలాక్టిన్ ఎక్కువై, ఈస్ట్రోజన్ తగ్గుతుంది. ఆ నెలల్లో కోరిక తగ్గటం, కలయికలో నొప్పి ఉండటం సహజమే. చక్కెర వ్యాధి, కొన్ని రక్తపోటు మందులు, మనోవ్యాధికి వాడే కొన్ని మందులు కూడా మగవారిలోనూ ఆడవారిలోనూ కోరికను, శక్తిని తగ్గిస్తాయి. దీనిని "ఇష్టం చచ్చిపోయింది", "ఇంకెవరో ఉన్నారు" అని అర్థం చేసుకుని ఎన్ని కాపురాలు చెడాయో!

అమెరికాలో ఆల్ఫ్రెడ్ కిన్సే అనే ఆయన మొదట మనలాగే జంతుశాస్త్రం మనిషి. ఓక్ చెట్ల మీద బొడిపెలు పుట్టించే చిన్న కందిరీగలను లక్షల కొద్దీ పోగుచేసి కొలిచాడు. ఏ రెండూ ఒకటిగా లేవని తేల్చుకున్నాడు. తర్వాత అదే ఓపికతో మనుషులను ప్రశ్నించి 1948లో పురుషుల గురించి, 1953లో స్త్రీల గురించి పుస్తకాలు వేశాడు. ఆయన వివరాలు సేకరించిన పద్ధతి మీద విమర్శలున్నాయి గాని, ఒక్క సంగతి నిలిచింది. కోరిక మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది. కొందరికి వారంలో ఎన్నోసార్లు, కొందరికి ఏడాదిలో ఎన్నడో. అటువంటప్పుడు ఇద్దరు మనుషులకు ముడివేస్తే ఇద్దరి కొలతా ఒక్కటే కావాలనుకోవటం లెక్కకే విరుద్ధం. తేడా ఉండటం జబ్బు కాదు, నేరం అంతకన్నా కాదు. 2000లో కెనడా డాక్టరు రోజ్‌మేరీ బాసన్ ఇంకో మాట చేర్చారు. చాలామంది స్త్రీలలో కోరిక ముందు పుట్టి దగ్గరితనం తర్వాత రాదు, దగ్గరితనం ఉంటే కోరిక దాని వెనక వస్తుంది అని. దీన్ని "మొదట వద్దన్నా తర్వాత ఒప్పుకుంటుంది" అని అనువదించుకునే మహానుభావులు ఉంటారని నాకు తెలుసు. ఆమె చెప్పింది అది కాదు. మొదటి అడుగే ఇష్టంతో పడాలి.

ఇదంతా నేను చదవటానికి ఒక కారణమున్నది. రెండేళ్ల క్రితం మా బంధువుల్లో ఒక అక్కకు లాయరు నోటీసు వచ్చింది. ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనే కాబట్టి నన్ను చదవమన్నారు. తొమ్మిది నెలల బిడ్డ, పురుగుల పని, వారానికొకసారి వచ్చే మగడు. వచ్చిన రాత్రి ఈమె వద్దంటుంది, అతను అలుగుతాడు. అత్త రోజులు లెక్కపెడుతుంది. చివరకు ఈమె పుట్టింటికి వచ్చింది. ఆ కాగితంలో హిందూ వివాహ చట్టం 9వ సెక్షను కింద దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోరతామని ఉన్నది. నేను తెలుగులో చెప్పగానే మా అవ్వ, "అయితే కోర్టోళ్లు వచ్చి మంచం కూడా ఏస్తారా పాపా?" అన్నది.

మా అవ్వ అడిగిన ప్రశ్నే 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అడిగింది. సినీనటి సరిత కేసు అది. హైస్కూల్లో చదువుకునే వయసులో, 1975 డిసెంబరులో తిరుపతిలో ఆమెకు పెళ్లి అయింది. కొద్దికాలానికే విడిపోయారు. భర్త కడప కోర్టులో 9వ సెక్షను కింద దావా వేశాడు. ఆ వ్యవహారం హైకోర్టుకు వచ్చినప్పుడు ఆ సెక్షను రాజ్యాంగానికే విరుద్ధమన్న వాదం లేచింది. 1983 జులైలో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షనును కొట్టివేశారు. తన శరీరాన్ని ఎవరికి, ఎప్పుడు దగ్గర చేయాలో, బిడ్డను కనాలో వద్దో నిర్ణయించుకోవటం ఆ మనిషి సొంతమనీ, డిక్రీ ఇస్తే ఆ నిర్ణయాన్ని ప్రభుత్వం లాక్కున్నట్టవుతుందనీ ఆయన భావం. పైకి చట్టం ఇద్దరికీ సమానమే గాని కడుపు మోసేది ఒక్కరేనని కూడా గుర్తుచేశారు. నాకు అన్నిటికంటె నచ్చినది ఈ చివరి మాట. ఇది ఏ జంతుశాస్త్ర విద్యార్థి అయినా కాదనలేని వాదన.

ఆ తీర్పు ఎక్కువకాలం నిలవలేదు. కాపురమంటే సంగమం ఒక్కటే కాదు, కలిసి ఉండటం అని ఢిల్లీ హైకోర్టు దానితో విభేదించింది. 1984 ఆగస్టులో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు 9వ సెక్షను చెల్లుతుందన్నది. డిక్రీని పాటించకపోతే ఆస్తి జప్తు చేయవచ్చునే గాని మనిషిని ఈడ్చుకుపోరు, చెడిన కాపురాన్ని నిలబెట్టటానికే ఆ సెక్షను అన్నది వారి వాదన. ఢిల్లీ వారన్నది అబద్ధం కాదు. కలిసి తినటం, కలిసి కష్టపడటం, పిల్లల్ని పెంచటం, ఇవీ కాపురమే. కాని అలిగిపోయిన మనిషిని కోర్టు కాగితంతో పిలిస్తే వచ్చేది మనిషి మాత్రమే. వాస్తవంలో జరిగేదేమిటంటే, డిక్రీ తర్వాత ఏడాదిదాకా కలవకపోతే అదే విడాకులకు దారి. కాబట్టి కలపటానికని వేసే దావాలు కొన్ని విడిపోవటానికి మెట్లుగా పనికొస్తున్నాయి.

ఈ హక్కు మన ధర్మశాస్త్రాల నుంచి వచ్చిందని చాలామంది భ్రమ. ఇది ఇంగ్లండు చర్చి కోర్టుల సరుకు. 1884లో బొంబాయిలో రుక్మాబాయి మీద ఇటువంటి దావాయే పడింది. మగడి దగ్గరకు పో, లేదా జైలుకు పో అని 1887లో కోర్టంటే, జైలుకే పోతానన్నదామె. చివరకు రాజీ కుదిరి, ఆమె లండనులో వైద్యం చదివి డాక్టరయింది. ఇంగ్లండు వారు 1970 నాటి చట్టంతో ఈ దావాను ఎత్తివేశారు, మనం అట్టిపెట్టుకున్నాం. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పాక చౌదరిగారి తీర్పుకు మళ్లీ ప్రాణం వచ్చింది. 2019లో 9వ సెక్షనును సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు పోయినది ఎవరనుకున్నారు? గుజరాత్ న్యాయ విశ్వవిద్యాలయం విద్యార్థులు. మన వయసువాళ్లే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఇష్టం లేనప్పుడు భర్తకు వద్దని చెప్పగలమని నూటికి 82 మంది వివాహితలు చెప్పారు. సర్వేకు చెప్పటం వేరు, వసారాలో పదిమంది మధ్య గుసగుసగా చెప్పవలసి రావటం వేరు. పైగా, పద్దెనిమిది నిండిన భార్య వద్దన్నా బలవంతపెడితే దానిని అత్యాచారంగా మన భారతీయ న్యాయ సంహిత లెక్కించదు. 2005 నాటి గృహహింస చట్టం మాత్రం దానిని లైంగిక హింసగా గుర్తిస్తుంది.

మా అక్క సంగతి కోర్టుదాకా పోలేదు. మా చిన్నమ్మ అతన్ని పగటిపూట, టీ తాగేవేళ, కూర్చోబెట్టి బాలింత ఒంటి సంగతి చెప్పింది. "పక్క మీద అడిగితే జవాబు కోపమే వస్తాది నాయనా, పగలు మాట్లాడుకోండి" అన్నది. అతను తల వంచుకుని, తనను ఇంటికి దూరం చేస్తున్నారని అనుకున్నానన్నాడట. అందులో కోరిక ఎంతో, ఒంటరితనం ఎంతో అతనికే తెలియదు. వారం రోజులు బెంగళూరులో నలుగురితో ఒక గదిలో పడుకునే మనిషి మరి. కుప్పంలో డాక్టరమ్మకు చూపించుకున్నారు. పురుగుల గది వెనక సిమెంటు రేకులతో ఒక చిన్న గది వేసుకున్నారు. శనివారం రాత్రి బిడ్డను అవ్వ దగ్గర పడుకోబెడతారు. ఆ రాత్రి ఏం జరగాలన్న నియమమేమీ లేదట. కొన్నిసార్లు ఊరికే మాట్లాడుకుంటామని అక్క చెప్పింది. అన్నీ సర్దుకున్నాయని మాత్రం నేను రాయను. అత్త ఇంకా సణుగుతూనే ఉన్నది.

ఈ సంక్రాంతికి మా ఇంటికి సంబంధం వాళ్లు వస్తారని అనుకుంటున్నారు. భూమి ఎంత, బోరులో నీళ్లు ఎన్ని అంగుళాలని మా నాయన అడుగుతాడు. పడుకునే గదికి లోపలి గడియ ఉన్నదా అని నేను అడుగుతానని అమ్మతో అన్నాను. అమ్మ ముందు నెత్తిన మొట్టింది. కాసేపయ్యాక, "ఆ మాట నువ్వడగొద్దులే, ఇల్లు చూడబోయినప్పుడు నేనే చూసొస్తా" అన్నది.