పందొమ్మిదో గేటు తెగిన రాత్రి ఫోనుకేం తెలుసు?

ప్రశ్న: టీచరమ్మా, మాది బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో ఒక పల్లె. ఇరవై ఏళ్లుగా మా ఊరి జాతరకు సాంఘిక నాటకం రాసిచ్చేది నేనే. ఈ ఏడు మా పిల్లోళ్లు చాట్‌జీపీటీని అడిగి అరగంటలో నాటకం తీసుకొచ్చినారు. రైతు, అప్పు, షావుకారు, పట్నంలో కొడుకు, ఆఖర్న అందరూ కలిసిపోయేది. ఊరంతా బాగుందనింది. నాక్కూడా బాగానే ఉందనిపించింది. నా బాధంతా అదే. ఇంక నేను రాసేదెందుకు?

జవాబు: అన్నా, బాగుందని ఒప్పుకున్నారు చూడండి, అక్కడే మీ మీద గౌరవం పెరిగింది. ఇప్పుడు ఒక పని చేయండి. ఆ నాటకంలో మీ ఊరి పేరు కొట్టేసి గుంటూరు పక్క ఊరి పేరో, కరీంనగర్ పక్క ఊరి పేరో రాయండి. ఇంకొక్క మాటైనా మార్చాల్సొస్తుందా? రాదు. జనం రాసిన కథలు లెక్కలేనన్ని చదివి, వాటిలో ఎక్కువసార్లు వచ్చిన దారినే చాట్‌జీపీటీ పట్టుకుంటుంది. అందుకే ఎక్కడా తట్టుకోదు, ఎవరినీ గుచ్చదు.

2024లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. సుమారు 300 మంది చేత చిన్న కథలు రాయించారు. కొందరికి ఏఐ ఇచ్చిన ఆలోచనలు అందించారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఏఐ సాయం తీసుకున్న కథలే చదివినవాళ్లకు మెరుగ్గా అనిపించాయి. రాయడం అంతగా అలవాటు లేనివాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. కానీ అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కథలు ఒకదాన్నొకటి పోలి ఉన్నాయి. మీ పిల్లోళ్ల నాటకం బాగుందన్నది నిజమే. పక్క ఊరి జాతరలోనూ దాదాపు అదే నాటకం ఆడితే ఆశ్చర్యపోనక్కర్లేదన్నదీ నిజమే.

మన బళ్లారి ఎలాంటి ఊరో గుర్తు చేస్తాను. ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఇక్కడ ప్లీడరు. సరసవినోదినీ సభ పెట్టి, 1887లో 'చిత్రనళీయం' ఆడించాడు. ఆంధ్ర నాటక పితామహుడన్నారు ఆయన్ని. ఇంకో వీధిలో సుమనోరమ సభ, కోలాచలం శ్రీనివాసరావు. ఆయనా వకీలే. ధర్మవరం మేనల్లుడు బళ్లారి రాఘవ, ఆయనా వకీలే. పగలంతా కోర్టులో తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ కలగలిసిన సాక్ష్యాలు విన్న చెవులవి. వాళ్ల నాటకాలకు ఆ చెవులే పెట్టుబడి అని నా నమ్మకం.

నాటకం ఎప్పుడూ మంగళంతోనే ముగియాలన్నది మన పాత ఆచారం. ధర్మవరం 'విషాద సారంగధర' రాసి, ఆ ఏడుపుని ఏడుపుగానే వదిలేశాడు. ఇంగ్లీషు నాటకాలు చదివే ఆ ధైర్యం తెచ్చుకున్నాడు కాబట్టి అరువు ఆయనకూ ఉంది. అయితే ఆ అరువుకి పూచీ పడింది ఆయనే. తెల్లారి అదే బజార్లో నడవాల్సినవాడు, 'ఇట్ల రాస్తివేమి సామీ' అని అడిగితే జవాబు చెప్పాల్సినవాడు. ఫోనులోని చాట్‌జీపీటీకి ఆ బాధ్యత లేదు. అందరూ కలిసిపోవాలంటే కలిపేస్తుంది, వద్దంటే విడదీస్తుంది.

మీరు చేయాల్సింది నన్నడిగితే చెప్తాను. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం పందొమ్మిదో గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. 33 గేట్లలో ఒకటి. అప్పుడు డ్యాం నిండుగా ఉంది. పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ గేటు దించి ఆపడానికి దాదాపు వారం పట్టింది. ఆ పని నడిపించిన కన్నయ్య నాయుడు పేరు మన కాలువల కింద రైతులందరూ చెప్పుకున్నారు. ఇదంతా ఫోనుకూ తెలుసు, పేపర్లో వచ్చింది కదా. కానీ ఆ వారం మీ ఇంటరుగు మీద ఎవరేమన్నారు? నాటు వేసిన మడి చూసి ఎవరు నోరెత్తకుండా కూచున్నారు? కాలువ ఆఖరి రైతు, 'నాకెప్పుడు అందినాయిలే నీళ్లు, పోతే పోనీ' అని ఉంటాడేమో. అది మీ చెవిలో మాత్రమే ఉంది. అది రాయండి. రాశాక, ఏ రంగం సాగదీసినట్టుందో కావాలంటే చాట్‌జీపీటీని అడగండి. కాకపోతే ముందు మీరు, తర్వాత అది. మీ పిల్లోళ్లనీ దూరం పెట్టకండి. వాళ్లకు నాటకం మీద ప్రేముంది కాబట్టే అరగంటైనా కూచున్నారు.

ప్రశ్న: చనిపోయిన మా హార్మోనియం మాస్టారి పాటలు పాత క్యాసెట్లలో ఉన్నాయి. ఏఐతో ఆయన గొంతు తయారుచేసి కొత్త పద్యాలు పాడించొచ్చునా?

జవాబు: మొదట ఆయన ఇంటివాళ్లని అడగండి. వాళ్లు వద్దంటే మళ్లీ ఎత్తొద్దు. 'కీడా కోలా' సినిమాలో, చనిపోయిన ఎస్పీ బాలు గారి గొంతుని ఏఐతో వాడినప్పుడు తమను అడగలేదని ఆయన కొడుకు ఎస్పీ చరణ్ లీగల్ నోటీసు పంపారు. అదే కాలంలో 'లాల్ సలామ్' పాటకు ఏఆర్ రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడుకున్నారు, కుటుంబాల అనుమతి తీసుకుని, డబ్బిచ్చి. ఇంటివాళ్లు సరేనన్నా, ఇది మాస్టారు పాడింది కాదని జాతరలో మైకులో చెప్పి తీరాలి. నా మనసులో మాట మాత్రం వేరే. ఆ క్యాసెట్లే శుభ్రం చేయించి వినిపించండి. ఊపిరి అందక మాస్టారు ఆగినచోటు కూడా ఆయనదే.

ప్రశ్న: బళ్లారిలో పుట్టినదాన్ని. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. తెలుగు రాయడం రాదు. ఫోనుకు చెప్తే అదే తెలుగులో రాసిపెడుతుంది. మా అవ్వ కథ చెప్పి, 'భాష సరిచెయ్' అన్నా. ఇప్పుడు మా అవ్వ టీవీలో వార్తలు చదివేదాని మాదిరి మాట్లాడతాంది! తప్పు నాదా?

జవాబు: తప్పు నీది కాదు తల్లీ. 1953 అక్టోబరు 1న మన బళ్లారి జిల్లా చీలి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకూ, బళ్లారితో కలిపి మిగతా ఏడు తాలూకాలు మైసూరుకూ పోయాయి. అప్పట్నుంచి మనలో చాలా ఇళ్లల్లో తెలుగు నోట్లో ఉంది గానీ చేతిలో లేదు. ఆ నోటి మాటకు ఇన్నాళ్లకు ఫోను అక్షరం ఇస్తోందంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఏఐ వల్ల సృజన చస్తుందని గుండెలు బాదుకునేవాళ్లు నీ ఉత్తరం చదవాలి. అది లేకుంటే నీ కథ బయటికే రాకపోవును.

నువ్వు పంపిన రెండు కాగితాలూ పక్కన పెట్టి చదివాను. మొదటిదాంట్లో, 'మాపటేల అవ్వ రొట్టె తట్టేటప్పుడు' అని ఉంది. సరిచేసినదాంట్లో, 'సాయంత్రం నాయనమ్మ రొట్టెలు తయారు చేస్తున్న సమయంలో' అయింది. తట్టడంలో చప్పుడుంది. జొన్నపిండి ముద్ద మీద అరచెయ్యి పడే ఆ టపటప పక్కింటికి వినబడుతుంది, ఎన్ని రొట్టెలైనాయో లెక్క కూడా తెలుస్తుంది. 'తయారు చేస్తున్న సమయంలో' ఆ ఇల్లు మూగబోయింది.

సరిచెయ్యమని ఇకమీదట అనొద్దు. 'నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మాట మార్చొద్దు' అను. అయినా మారుస్తుంది. అందుకే నీ గొంతు రికార్డు దాచిపెట్టుకుని, రాసినదాన్ని దాంతో పోల్చుకో. పోల్చుకోవాలంటే చదవడం రావాలి కదా. నీకు కన్నడ అక్షరాలొచ్చు, తెలుగు లిపి దానికి తోబుట్టువు. క, గ, న, మ చూడు, తలకట్టు తేడా తప్ప మిగతాది నీకు తెలిసిన ముఖమే. రోజూ ఒక గంట కూచుంటే నెల తిరక్కముందే అవ్వ కథ నువ్వే చదివి వినిపిస్తావు. 'సుమ్నే', 'బేగ' లాంటి కన్నడ మాటలు వస్తే రానీ. అవ్వ అట్లే అనింది కదా.

ప్రశ్న: జీన్స్ యూనిట్లో వెనక జేబు మీద కుట్టు డిజైన్లు గీస్తా. ఇప్పుడు ఓనరు ఏఐతో ఒక్క పూటలో యాభై డిజైన్లు తీయిస్తున్నాడు. నా పని పోతుందా?

జవాబు: తమ్ముడూ, కొంత పోతుంది. పోదని నీకు అబద్ధం చెప్పలేను. గీత గీయడం వరకే నీ పని అనుకుంటే కష్టమే. కానీ ఆ యాభైలో మెషీన్ మీద కుట్టడానికి వీలయ్యేవి ఎన్ని? మందపు దారం ఇరుకు మూలలో తిరిగేటప్పుడు ముద్దకడుతుందని, వాష్‌కు పోయొచ్చాక గుడ్డ ముడుచుకుని గీత వంకరపోతుందని నీ వేళ్లకు తెలుసు. ఇది ఓనరుకు నోటితో చెప్తే వినడు. ఆ యాభైలోంచి ఒక పది తీసుకో, నీవి రెండు కలుపు. పన్నెండూ అదే గుడ్డ మీద, అదే దారంతో కుట్టించి వాష్‌కు పంపు. వచ్చినవి ఆరబెట్టి, ఏది ఎవరిదో పేరు రాయకుండా, ఆయన బల్ల మీద వరసగా పరిచి, ఏవి అమ్ముతారో ఆయన్నే ఏరమను.