విద్యార్థి క్షేమం - జట్టు సేవ

చెన్నై నగరంలోని పాత పేటలలో జార్జి టౌన్ ఒకటి. ఇది కోటకు ఉత్తరంగా, రేవుకు పడమరగా ఉంది. పూర్వం దీనిని బ్లాక్ టౌన్ అనేవారు. 1911లో ఐదవ జార్జి చక్రవర్తి పేరు మీద దీనికి జార్జి టౌన్ అని పేరు వచ్చింది. ఇక్కడ తెలుగు వర్తకులు తరతరాలుగా నివసిస్తున్నారు. బ్రాడ్వే అనే పెద్ద వీధికి ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టి ప్రకాశం సాలై అన్నారు.

జార్జి టౌన్ వ్యాపారానికే గాక చదువులకు కూడా నిలయం. మద్రాసు క్రైస్తవ కళాశాల 1937లో తాంబరానికి తరలిపోయేవరకు ఈ పేటలోనే ఉండేది. పచ్చయప్ప కళాశాల కూడా 1940 వరకు ఇక్కడే ఉండేది. నేడు ప్రకాశం సాలైలో భారతి మహిళా కళాశాల ఉంది. పేటకు దక్షిణాన 1835లో ప్రారంభమైన మద్రాసు వైద్య కళాశాల, ఉత్తరాన 1938లో కళాశాలగా మారిన స్టాన్లీ వైద్య కళాశాల ఉన్నాయి.

చదువుకొనడానికి వచ్చే విద్యార్థికి పుస్తకాలు, పాఠాలు ఉంటే చాలునా? వేళకు తిండి కావాలి. ఉండడానికి చోటు కావాలి. జబ్బు చేస్తే చూసేవారు కావాలి. మనసు కుంగినప్పుడు వినేవారు కావాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా చదువు కుంటుపడుతుంది.

మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితమే దీనికి నిదర్శనం. ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పారు. మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి పరీక్షకు వెళ్లి ఉత్తీర్ణులయ్యారు. వైద్య కళాశాలలో చేరారుగాని చేతిలో డబ్బు లేదు. స్నేహితులు సహాయపడ్డారు. తరువాత ఆయనకు మామగారైన కస్తూరి సూర్యనారాయణ మూర్తిగారు ఆదుకున్నారు.

ఇంతలో కుటుంబంపై మరొక పిడుగు పడింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో మరణించారు. ఆ వ్యాధి సుబ్బారావుకు కూడా సోకింది. పాశ్చాత్య వైద్యమూ, ఆయుర్వేదమూ రెండూ తెలిసిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు చికిత్స చేసి ఆయనను బ్రతికించారు. (ఈ లక్ష్మీపతిగారి భార్య రుక్మిణమ్మగారు 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో ఆరోగ్యశాఖ మంత్రి అయ్యారు.)

సుబ్బారావు 1922లో అమెరికా వెళ్లారు. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధకుల జట్టుకు నాయకులయ్యారు. ఆ జట్టు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందుగా పనికివచ్చింది. ఒక విద్యార్థిని కాపాడినందువల్ల లోకానికి ఎంత మేలు కలిగిందో చూడండి.

అయితే ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. సుబ్బారావుకు సహాయం దొరికిన మాట నిజమే. కాని అది అదృష్టవశాత్తు దొరికింది. మంచి స్నేహితులు, మంచి మామగారు, మంచి వైద్యుడు ఆయనకు లభించారు. అవి లభించని విద్యార్థుల సంగతి ఏమిటి? అదృష్టంపై ఆధారపడకుండా, ప్రతి విద్యార్థికీ సహాయం అందే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటే విద్యార్థి ఆరోగ్య జట్టు.

ఇటువంటి ప్రయత్నం ఇతర దేశాలలో ముందుగానే మొదలైంది. అమెరికాలోని ఆమ్హర్‌స్ట్ కళాశాల 1861లో డాక్టర్ ఎడ్వర్డ్ హిచ్‌కాక్‌ను విద్యార్థుల ఆరోగ్యం, వ్యాయామం చూడడానికి నియమించింది. 1910లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయం విద్యార్థుల మనోవ్యథలను వినడానికి కూడా ఏర్పాటు చేసింది. ఆరోగ్యమంటే రోగం లేకపోవడం మాత్రమే కాదనీ, శరీరం, మనసు, సమాజ జీవితం మూడూ బాగుండడమనీ 1948లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి చెబుతున్నది. మూడింటినీ ఒక్కరే చూడడం సాధ్యం కాదు. అందుకే జట్టు కావాలి.

జట్టు ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో తెలుసుకొందాం. జార్జి టౌన్‌లోని ఒక తెలుగు కుటుంబంలో ఒక అమ్మాయి ఉందనుకొందాం. పన్నెండవ తరగతివరకు తెలుగులో చదివింది. కళాశాలలో పాఠాలన్నీ ఇంగ్లీషులో జరుగుతున్నాయి. మొదటి పరీక్షలో మార్కులు తగ్గాయి. ఆమె క్రమంగా మాట్లాడడం మానింది. మధ్యాహ్నం భోజనం మానింది. నిద్ర పట్టడం లేదు. తరగతికి వచ్చినా వెనుక బెంచీలో తల వాల్చుకొని కూర్చుంటున్నది.

ఈ మార్పును మొదట గమనించేది స్నేహితురాలు. ఆమె సంగతి అధ్యాపకురాలికి చెబుతుంది. అధ్యాపకురాలు కోప్పడక, ఆరోగ్య కేంద్రానికి వెంటబెట్టుకొని వెళుతుంది. అక్కడి వైద్యుడు శరీరాన్ని పరీక్షిస్తాడు. ఎందుకంటే రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి లోపం ఉన్నవారికి కూడా నీరసం, దిగులు కలుగుతాయి. నర్సు రక్తపరీక్ష ఏర్పాటు చేసి, ఆహారం విషయం అడిగి తెలుసుకుంటుంది. మనోవైజ్ఞానిక సలహాదారు ఆమె చెప్పేది ఓపికగా వింటుంది. అవసరమైతే మానసిక వైద్యుని వద్దకు పంపుతుంది. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది ఉంటే సమాజ సేవకుడు ఉపకార వేతనం దారి చూపుతాడు. అధ్యాపకులు ఇంగ్లీషు పాఠాలకు అదనపు సాయం చేస్తారు. అమ్మాయి ఒప్పుకొంటే తల్లిదండ్రులతో కూడా మాట్లాడతారు.

ఇంతమంది ఉన్నప్పుడు ఒక చిక్కు ఉంది. "వైద్యుడు చూస్తాడులే" అని సలహాదారు, "సలహాదారు చూస్తుందిలే" అని అధ్యాపకుడు ఊరుకొంటే, చివరకు ఎవరూ చూడరు. అందరి పని ఎవరి పనీ కాకుండా పోతుంది. అందుచేత జట్టుకు నాయకుడు ఉండాలి. నాయకుడు అందరికంటె పెద్ద పదవిలో ఉండవలసిన పని లేదు. అతడు వైద్యుడు కావచ్చు, సలహాదారు కావచ్చు, అనుభవం గల నర్సు కావచ్చు. కాని అతడు నాలుగు పనులు తప్పక చేయాలి.

మొదటిది, ఎవరు ఏమి చేయాలో పేరుతో సహా నిర్ణయించాలి. రెండవది, జట్టువారిని క్రమం తప్పకుండా కూర్చోబెట్టి మాట్లాడించాలి. నర్సు చెప్పేది కూడా వైద్యుడు వినేటట్లు చూడాలి. బాధలో ఉన్న విద్యార్థి ఒకే కథను ఐదుగురికి ఐదుసార్లు చెప్పుకోవలసిన అవస్థ రాకూడదు. మూడవది, రానివారిని వెదకాలి. రెండవసారి రావలసిన విద్యార్థి రాకపోతే, "రాలేదు" అని వ్రాసి ఊరుకోక, ఎందుకు రాలేదో తెలుసుకోవాలి. నాలుగవది, రహస్యాన్ని కాపాడాలి.

ఈ నాలుగవ పని మిక్కిలి కష్టమైనది. విద్యార్థి చెప్పిన మాట బయటికి పొక్కితే అతడు మళ్లీ రాడు. అతనిని చూసి ఇతరులు కూడా రారు. కాని ప్రాణానికి అపాయం ఉన్నదని తెలిసినప్పుడు మౌనంగా ఉండడం సరికాదు. అప్పుడు కాపాడడానికి అవసరమైనంత మాత్రం, అవసరమైనవారికి మాత్రమే చెప్పాలి. ఈ సంగతిని విద్యార్థికి మొదటి రోజే చెప్పి ఉంచడం న్యాయం.

భారతదేశంలో ఈ ఏర్పాటు అవసరాన్ని ఒక విషాదం గుర్తుచేసింది. 2023లో విశాఖపట్నంలో వైద్య విద్య ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణించింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల సలహాదారును నియమించాలి. అంతకన్న చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలి. సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సలహాదారును నియమించడం తొలిమెట్టు మాత్రమే. ఆ సలహాదారు వెనుక వైద్యుడు, అధ్యాపకుడు, వసతిగృహ అధికారి నిలబడినప్పుడే అది జట్టు అవుతుంది.

చెన్నై నగరంలో ఇందుకు మంచి పునాది ఉంది. డాక్టర్ శారదా మేనన్ 1984లో స్కార్ఫ్ అనే సంస్థను నెలకొల్పి మనోవ్యాధిగ్రస్తులకు సేవ చేశారు. డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో స్నేహ అనే సంస్థను స్థాపించారు. నిరాశలో ఉన్నవారి మాటలను అక్కడి స్వచ్ఛంద సేవకులు ఓపికతో వింటారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ సేవను ప్రారంభించింది. 14416 అనే సంఖ్యకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా, ఏ వేళనైనా సలహా లభిస్తుంది. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. పొరుగు రాష్ట్రంలో చదివే తెలుగు విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. లెక్కల పాఠం ఏ భాషలోనైనా నేర్వవచ్చు. దుఃఖాన్ని మాత్రం తల్లిభాషలో చెప్పుకోవడమే సులువు.

పదిమంది చేయి వేస్తే ఎంత బరువైనా తేలిక అవుతుంది. ఆ పదిమందిలో మొదటి చేయి తరచుగా ప్రక్క బెంచీలో కూర్చున్న స్నేహితునిదే. అతడు వైద్యం చేయనక్కరలేదు. "ఏమైంది?" అని అడగడం, చెప్పేది వినడం, తెలిసిన పెద్దల వద్దకు తోడుగా వెళ్లడం - ఈ మూడూ చేస్తే చాలు. తక్కిన పని జట్టు చేస్తుంది.

పదాలు - అర్థాలు

నిలయం = చోటు, స్థానం
నిదర్శనం = ఉదాహరణ
ఉత్తీర్ణులు = పరీక్షలో నెగ్గినవారు
మనోవ్యథ = మనసులోని బాధ
ఉపకార వేతనం = చదువుకు ఇచ్చే ధనసహాయం
పొక్కు = రహస్యం బయటపడు

ప్రశ్నలు

1. యల్లాప్రగడ సుబ్బారావుకు విద్యార్థి దశలో ఎవరెవరు సహాయపడ్డారు?
2. వైద్యుడు మొదట శరీరాన్ని ఎందుకు పరీక్షించాలి?
3. జట్టు నాయకుడు చేయవలసిన నాలుగు పనులను మీ సొంత మాటలలో వ్రాయండి.
4. రహస్యాన్ని ఎప్పుడు కాపాడాలి? ఎప్పుడు చెప్పాలి? కారణాలతో చర్చించండి.
5. మీ పాఠశాలలో ఇటువంటి జట్టు ఏర్పాటు చేస్తే అందులో ఎవరెవరు ఉండాలో, ఎవరి పని ఏమిటో పట్టిక తయారుచేయండి.